మేస్త్రి కట్టిన నాలుగు గదులు

సముద్రం చూడాలన్న సరదా మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. అత్తయ్యకు ఆయాసం పట్టుకుని, మందులు మింగీ మింగీ విసిగిపోయాక, డాక్టరు "కొన్నాళ్ళు సముద్రపు గాలి తగలనిచ్చి చూడండి" అన్నాడు. అలా మొదలైంది. మా ఆయనది గడియారాలు బాగుచేసే కొట్టు. పెళ్ళయిన కొత్తలో కూడా నన్ను ఎక్కడికీ తిప్పని మనిషి, తల్లి దగ్గు వినలేక కొట్టుకు తాళం పెట్టాడు. అప్పటికి మా పాప ఇంకా బడికి వెళ్ళడం లేదు.

బస్సు దిగేసరికి ఊరంతా జనం. మొదటి హోటల్లో గది ఉంది కానీ, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. రెండో చోట "సముద్రం కనిపించే గది" అని గొప్పగా చెప్పి మేడమీదికి తీసుకెళ్ళారు. సముద్రమేదని అడిగితే, స్నానాలగదిలో బకెట్టు బోర్లించి, దానిమీద నిలబడి వెంటిలేటర్లోంచి చూడమన్నారు. "స్నానం చేస్తూ సముద్రం చూడ్డానికి ఇంత దూరం రావాలా నాయనా? మా ఇంట్లో నీళ్ళు లేవా?" అని అత్తయ్య గిరుక్కున వెనక్కి తిరిగి మెట్లు దిగేసింది. మూడో చోట దుప్పటి ఎత్తి చూసి నేనే వద్దన్నాను.

అలా నడుచుకుంటూ వీధి చివరిదాకా వచ్చాం. అక్కడ ఇళ్ళు అయిపోతాయి. ఆఖరున ఒక పెంకుటిల్లు, దానికి చేత్తో రాసిన బోర్డు: "గదులు ఉన్నాయి. భోజనం కూడా." మోచేతుల దాకా సిమెంటు అంటుకున్న ఒకాయన బయటికొచ్చాడు. ఎన్ని రోజులుంటారనీ అడగలేదు, ఎంతమందనీ అడగలేదు.

"మీలో గురక పెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అన్నాడు.

మా ఆయన తల్లి వైపు చూశాడు. అత్తయ్యకు మండిపోయింది. "ఏం, గురకకి వేరే లెక్కా?"

"లెక్క కాదు పెద్దమ్మగారూ. రెండో గదికీ మూడో గదికీ మధ్య గోడ కట్టేటప్పుడు ఇటుక చాల్లేదు. పలచగా లేపేశాను. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. గురక ఉంటే నాలుగో గది ఇస్తాను, దాని గోడలు మందం."

లోపల్నుంచి నవ్వు వినిపించింది. గరిటె పట్టుకుని ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. "వచ్చినవాళ్ళకి గోడలో లోపం ముందు చెప్పే హోటలు ఈ ఊళ్ళో ఇదొక్కటే. లోపలికి రండమ్మా. ఎండన పడి వచ్చారు."

ఆయన తాపీమేస్త్రి. ఊరందరికీ మేస్త్రే, భార్యకి కూడా మేస్త్రే. ఆవిణ్ణి నేను అక్కా అన్నాను. మొదటి పూటే నోటికి అలా వచ్చేసింది. పాప పెద్దమ్మా అంది.

మాకు నాలుగో గదే ఇచ్చాడు. ఆ గది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఎర్రగా నున్నగా తీర్చిన గచ్చు, చెప్పులు లేకుండా నడిస్తే చల్లగా ఉండేది. గోడలోనే గూళ్ళు తీశాడు. పెట్టె తెరవకుండానే మా సామానంతా వాటిలో సర్దుకుపోయింది. మంచం మీద కూర్చుంటే కళ్ళకి ఎదురుగా వచ్చేటట్టు కిటికీ. నిలబడితే కొంచెం వంగాలి. "పనివాడు నిలబడి చూస్తాడమ్మా. డబ్బిచ్చి వచ్చినవాడు కూర్చుని చూడాలి కదా" అన్నాడు మేస్త్రి.

భోజనం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏముందని అడిగితే అక్క "చేప" అంది.

"ఏం చేప?"

"దొరికిన చేప."

రోజూ అంతే. పొద్దున పడవలవాళ్ళు ఏది తెస్తే అది. ఇంత వేపుడు, ఇంత కూర, పొగలు కక్కే అన్నం. అత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఉప్పెక్కువైంది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క మాత్రం ఏమీ అనుకోలేదు. "సముద్రం పక్కన కదా పెద్దమ్మగారూ, గాలి కూడా ఉప్పే" అంటూ ఇంకో గరిటెడు వడ్డించింది. అత్తయ్య వంకలు పెడుతూనే రెండోసారి పెట్టించుకుంది, మూడోసారీ పెట్టించుకుంది. వారం తిరిగేసరికి ఆవిడకి ఆయాసం తగ్గిందో లేదో గానీ, బుగ్గలు మాత్రం నిండాయి.

అప్పట్లో ఆ ఇంటి నుంచి సముద్రం దగ్గరికి వెళ్ళాలంటే చెప్పులు వేసుకుని బయలుదేరాల్సిందే. ముందు మట్టి రోడ్డు, దాన్ని దాటితే సరుగుడు తోట, తోట దాటాక పడవలు బోర్లించుకునే పాకలు, ఆ తర్వాత కాళ్ళు కాలే ఇసుక. పాప సగం దారిలోనే ఎత్తుకోమని ఏడ్చేది.

మేస్త్రి కథ ఆ వారంలోనే తెలిసింది. మీసం రాకముందు నుంచీ తాపీ పట్టాడు. ఊళ్ళో సగం మేడలు ఆయన చేతి మీదుగా లేచినవే. "ఏ ఇంట్లోనూ ఒక్క రాత్రి పడుకోలేదమ్మా" అన్నాడొకసారి, పొగాకు నలుపుకుంటూ. "గోడ లేచేదాకా ఇంట్లో నేను మకుటం లేని మహారాజుని. కప్పు పడి, తలుపులు బిగించాక, కాళ్ళు కడుక్కుని పెరటి వైపు నుంచి రమ్మంటారు. తప్పని కాదు. వాళ్ళ ఇల్లు వాళ్ళది. కానీ నేను తీర్చిన గదిలో మనిషి ఎలా పడుకుంటాడో, పొద్దున్నే లేచి ఏమంటాడో చూడాలని ఉండేది."

అందుకని ఉన్నదంతా ఊడ్చి, వీధి చివర చవగ్గా వచ్చిందని ఆ స్థలం కొన్నాడు. అక్క ఊరి మధ్యలో కొందామందట. ఆయన వినలేదు. పగలు ఊరి పని, సాయంత్రం సొంత పని. ఇటుక ఇటుక పేర్చి, అక్క సిమెంటు మాలు కలిపి అందిస్తే, ఏళ్ళ తరబడి నాలుగు గదులూ ఒక వంటిల్లూ లేపారు. పిల్లల్లేరు వాళ్ళకి. అక్క ఆ మాట ఎత్తేది కాదు గానీ, గదుల్ని మాత్రం "పెద్దది, రెండోది, మూడోది, చిన్నది" అనేది. మేము పడుకున్నది చిన్నదాంట్లో.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం. ఆ మరుసటి ఏడూ వెళ్ళాం. డాక్టరు చెప్పడం ఎప్పుడో మానేశాడు, మేము మానలేదు. మా ఆయన కొట్టు మూసి, ఎవరిదో ఒకరి గడియారం జేబులో వేసుకుని బస్సెక్కేవాడు. అరుగు మీద కూర్చుని దాన్ని విప్పుతుంటే మేస్త్రి ఎదురుగా గొంతుక్కూర్చుని చూసేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. ఇద్దరికీ అదే బాగుండేది.

పాప బడిలో చేరిన ఏడు వెళ్ళేసరికి సరుగుడు తోట సగమే ఉంది. పడవల పాకలు లేవు. "ఒడ్డు వెంట పై ఊళ్ళో కొత్త రేవు కట్టారు. సముద్రంలోకి పొడుగ్గా రాళ్ళ కట్ట వేశారు. ఇసుక అక్కడ ఆగిపోతోందట, మన వైపు రావట్లేదంటున్నారు పడవలవాళ్ళు" అని మేస్త్రి మామూలుగానే చెప్పాడు, వాన రాలేదనో ఎండ ముదిరిందనో చెప్పినట్టు. "తోట ఉందిగా ఇంకా."

రెండేళ్ళకి తోట లేదు. మట్టి రోడ్డు నడిమికి విరిగి, ఒక ముక్క కిందికి వేలాడుతోంది. పాప మాత్రం సంబరపడింది. "సముద్రమే మన దగ్గరికి వచ్చేసింది పెద్దమ్మా!" అని గంతులేసింది. అక్క దాని తల నిమిరి, "అవునమ్మా, కాళ్ళు నొప్పులు తప్పాయి నీకు" అంది. ఆ పూట కూరలో కారం వేయడం మరిచిపోయింది. అత్తయ్య వంక పెట్టాల్సిందంతా పెట్టింది.

మేస్త్రి ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి ఇద్దరు ముగ్గురు టేపులు పట్టుకుని వచ్చారు. కొలిచారు, తలలూపారు, అక్క పెట్టిన భోజనం తిన్నారు, బాగుందన్నారు. ఒడ్డు పొడుగునా రాళ్ళ గోడ వస్తుందన్నారు. వచ్చింది కూడా. ఊరి మొదటి నుంచి మొదలుపెట్టి పెద్ద హోటలు దాకా వచ్చి అక్కడ ఆగింది. మేస్త్రి ఇల్లు ఆ హోటలు తర్వాత.

"మా దాకా ఎందుకు రాలేదండీ?" అని అడిగాడట.

"మీ తర్వాత ఊరే లేదు కదయ్యా. ఒక్క ఇంటి కోసం గోడ కడతారా?" అన్నారట.

గోడ లేని ఊరికన్నా, గోడ ఆగిపోయిన చోటు మరీ అన్యాయం. అక్కడ రాళ్ళకి కొట్టుకున్న అల పక్కకి తిరిగి, ఇవతల ఒడ్డుని గొడ్డలితో నరికినట్టు నరికేది. ఆ ఏడు మేము గదిలో కూర్చుని ఉంటే ఒక్కో అలకీ గూట్లో గ్లాసులు చిన్నగా చప్పుడు చేసేవి. మా ఆయన చేతిలో గడియారం పక్కన పెట్టి లేచి, గోడకి చెవి ఆనించి విన్నాడు.  

తర్వాతి ఏడు మేము బస్సు దిగి వీధి చివరికి వచ్చేసరికి మేస్త్రి సముద్రం వైపున్న పెద్ద గదిని విప్పుతున్నాడు.

విప్పడమంటే కూలగొట్టడం కాదు. ముందు పెంకులు దింపి దొంతర్లు పెట్టాడు. తలుపులూ కిటికీలూ ఊడదీసి గోడకి చేరేశాడు. పై వరస నుంచి ఒక్కొక్క ఇటుకా ఊడబెరికి, దానికి పట్టిన సున్నం తాపీతో గీకి, చెయ్యి తుడిచినట్టు తుడిచి కింద పేరుస్తున్నాడు. కట్టేటప్పుడు ఎంత ఓపికో విప్పేటప్పుడు కూడా అంతే ఓపిక. అక్క గంప మోస్తోంది.

"ఇదేం పని మేస్త్రిగారూ?" అన్నాను, నోరు ఊరుకోక.

"పునాది కింద ఇసుక పోయిందమ్మా. ఎలాగూ పడేదే. పడి సముద్రంలో కలిసేకన్నా, ఈ ఇటుకతో రెండో గది ముందు అడ్డంగా గోడ పెట్టేస్తే మిగతావి నిలుస్తాయి."

మా ఆయన చొక్కా విప్పి తాడుకి తగిలించి ఇటుకలు అందించడం మొదలుపెట్టాడు. ఆ ఏడు గడియారం జేబులోంచి తియ్యలేదు. వారమంతా అదే పని. నేనూ అక్కా వంట, అత్తయ్య అరుగు మీద కూర్చుని పనివాళ్ళని గద్దించినట్టు ఇద్దర్నీ గద్దించడం. వెళ్ళే రోజుకి గోడ నడుమెత్తు లేచింది. తీరుగా, మట్టంగా ఉంది. గోడ చూస్తే నమ్మకం కలిగేటట్టే ఉంది. మేస్త్రి దాన్ని అరచేత్తో చరిచి, "ఇక చూడండి" అన్నాడు.

గోడ ఆ వానాకాలంలోనే పోయింది. అప్పుడు రెండో గది విప్పి మూడోదానికి అడ్డం పెట్టాడు. కొండరాళ్ళు బండి మీద తోలించి దాని ముందు పోశాడు. ఇంటిని కాపాడటానికి ఇంటినే ఖర్చుపెట్టుకుంటూ పోయాడు. ఊళ్ళోవాళ్ళు మొదట్లో అయ్యో అన్నారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత అటు రావడం మానేశారు. వేరే ఊళ్ళో ఉన్న అక్క వాళ్ళ చెల్లెలు వచ్చి, "మొత్తం పోకముందే ఆ మిగిలినవన్నీ అమ్ముకుని మా ఊరు వచ్చెయ్యండి బావా" అని బతిమాలింది. "కొనేవాడికి ఏం చెప్పి అమ్మమంటావు? వచ్చే ఏడు చేపలకి పనికొస్తుందని చెప్పనా?" అని నవ్వాడట. అక్క నాకు ఈ మాట చెబుతూ తనూ నవ్వింది. 

అత్తయ్యతో మేము చివరిసారి వెళ్ళింది పాప హైస్కూలు చివరికి వచ్చిన ఏడు. ఇంటికి వచ్చేవాళ్ళెవరూ లేరు. బోర్డు మీద అక్షరాలు ఉప్పుగాలికి రాలిపోయి "గదు" అని మాత్రమే మిగిలింది. గదులు రెండే. మూడోదాంట్లో సామానూ, కిటికీలూ, తలుపులూ, పెంకులూ కిక్కిరిసి ఉన్నాయి. అందుకని మాకు మళ్ళీ చిన్నదే ఇచ్చి, వాళ్ళిద్దరూ వంటింట్లో పక్క వేసుకున్నారు.

గచ్చు మీద అడ్డంగా బీట. గూళ్ళు చెమ్మగిల్లి, పెట్టిన బట్టలు తడిగా తగులుతున్నాయి. అసలు దెబ్బ మాత్రం నూతికి తగిలింది. పెరట్లో నుయ్యి ఉప్పెక్కిపోయింది. అక్క వీధి మొదటి నుంచి బిందెలతో తాగే నీళ్ళు మోసుకొస్తోంది; ఆ వయసులో ఎన్నని మోస్తుంది? అన్నానికీ టీకీ అవి చాలక నూతి నీళ్ళే పోస్తోంది. టీ నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది నాకు. పాప ముఖం చిట్లించబోతే మోకాలితో పొడిచాను.

అందరం అత్తయ్య వైపు చూశాం. ఆవిడకి అప్పటికి చూపు మందగించింది, నడక తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. బస్సులో కండక్టరుని కూడా వదిలిపెట్టలేదు. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. చుక్క మిగల్చకుండా తాగి, గ్లాసు కింద పెట్టి, "బాగుందే అమ్మా" అంది.

అక్క అక్కడే నిలబడి ఉంది. 

"ఒక్కసారి ఉప్పెక్కువైందనండి పెద్దమ్మగారూ" అంది. "ఎప్పుడూ అనేవారు కదా. అనండి."

"ఏం లేనిదే ఏమననే? బాగుందంటే నమ్మవేం?"

అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నేళ్ళలో ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. పెద్ద గది విప్పినప్పుడు గంప మోసింది గానీ కంట తడి పెట్టలేదు.

మూడో గది పోయింది మర్నాడు మధ్యాహ్నం. పట్టపగలు, ఎండ కాస్తూనే ఉంది. గాలివాన లేదు, తుఫాను లేదు, మామూలు పోటు. భోజనానికి కూర్చున్నాం. మేస్త్రి ఆ రోజెందుకో హుషారుగా ఉన్నాడు. వచ్చే ఏడాదికి మూడో గదిలో సామాను తీసేసి, సున్నం వేయించి, మళ్ళీ అద్దెకిస్తానని చెబుతున్నాడు. అంతలో బయట ఎవరో బరువైన బీరువా జరిపినట్టు చప్పుడైంది. మూడో గది గోడ ఒక పక్కకి ఒరిగి, నిదానంగా, మోకాళ్ళ మీద కూలబడినట్టు కిందికి జారింది. పెంకులు ఒకదాని మీదొకటి గలగలా దొర్లాయి. విప్పి దాచిన కిటికీలూ తలుపులూ అన్నీ నీళ్ళల్లో పడ్డాయి. తర్వాతి అల వచ్చి వాటిని తిప్పింది.

మా ఆయన పళ్ళెం తోసేసి పరుగెత్తబోయాడు. మేస్త్రి ఎడమచేత్తో ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"తినండి బాబూ. తినేసి లేవండి. ఎంగిలి చేత్తో పరుగెత్తి పట్టుకునేదేం లేదు అక్కడ."

ఎవరం తినలేదు. ఆయన తిన్నాడు. పళ్ళెంలో ఉన్నదంతా తిని, చెయ్యి కడుక్కుని, మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మీరు ఖాళీ చెయ్యాలమ్మా" అన్నాడు. "చిన్నదాని గోడకి కూడా బీట ఎక్కింది. ఈ పూట దాటితే మాట చెప్పలేను. పెద్దమ్మగారిని ముందు వీధిలోకి నడిపించండి. పెట్టెలు నేను తెస్తాను."

మా పెట్టెలు ఆయనే మోశాడు. మా ఆయన లాక్కోబోతే ఇవ్వలేదు. పక్కనున్న పెద్ద హోటలు ఎదుట నీడన అత్తయ్యని కూర్చోబెట్టాక, అక్కని కూడా రమ్మన్నాను. ఆవిడ వచ్చింది గానీ గుమ్మం ముందు ఆగి, వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీదున్న కూర గిన్నె దించి, దాని మీద మూత పెట్టి వచ్చింది. 

చిన్న గది మూడు రోజులు నిలబడింది. మేస్త్రి దాన్ని విప్పలేదు. వీధిలో కూర్చుని చూశాడట. అక్క వాళ్ళ చెల్లెలి మొగుడు బండి తీసుకొచ్చి, వంట సామానూ బట్టలూ ఎక్కించి, చివరికి ఆయన్ని కూడా చెయ్యి పట్టుకుని ఎక్కించాడట. అప్పటికి మేము మా ఊరు చేరుకున్నాం. ఇదంతా తర్వాత ఫోన్లో తెలిసింది.

ఆ చలికాలంలోనే అత్తయ్య పోయింది. ఆయాసంతోనే పోయింది. అన్నేళ్ళు తగిలిన సముద్రపు గాలి ఆవిడకి ఏం చేసిందో, అసలు ఏమైనా చేసిందో లేదో నాకు తెలియదు. మంచాన పడ్డాక ఒక రోజు, "ఆ మేస్త్రి ఏం చేస్తున్నాడే?" అని అడిగింది. చెల్లెలి ఊళ్ళో ఉన్నారట, బాగానే ఉన్నారట అని చెప్పాను. "బాగానే ఉంటాడా! వాడెలా బాగుంటాడు?" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

పాప కాలేజీలో చేరాక, మా ఆయనా నేనూ వాళ్ళని చూడటానికి వెళ్ళాం. సముద్రానికి చాలా దూరం ఆ ఊరు. ఇరుకు వీధిలో నాలుగంతస్తుల మేడ. మేస్త్రి దానికి వాచ్‌మన్. కింద, మెట్ల పక్కన, ఒక గది ఇచ్చారు. లోపలికి వెళితే మంచం, పొయ్యి, అక్క, ఇక మనిషి తిరగడానికి చోటు లేదు. కిటికీ లేదు. గోడ ఎలా కట్టారో గానీ, పైనుంచి కిందిదాకా చెమ్మ దిగి, పెచ్చులు లేచి, మంచం మీద ఎప్పుడూ తెల్లగా పొడి రాలుతూ ఉంది. అక్క దాన్ని దులిపి మమ్మల్ని కూర్చోమంది. పగలు ఆవిడ ఒక క్యాంటీన్లో వంట చేస్తోందట. "పెద్ద పెద్ద గిన్నెలు చెల్లీ. ఎవరు తిన్నారో, ఎలా ఉందో తెలీదు. వంకలు పెట్టేవాళ్ళు కూడా లేరు" అంది.

మేస్త్రి మెట్ల దగ్గర ఉన్నాడంది. వెళ్ళాం. మొదటి అంతస్తు మెట్ల గోడకి పెచ్చు ఊడి పడిందట. ఇంటివాళ్ళు ఎవరినో తాపీమేస్త్రిని పిలిపించారు. ఆయన నిచ్చెనెక్కి గోడకి సిమెంటు పూసి గిలాబా చేస్తుంటే, మన మేస్త్రి కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. మమ్మల్ని చూసి తల ఊపాడు గానీ నిచ్చెన వదల్లేదు. బాగా చిక్కిపోయాడు. చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళలో సిమెంటు లేని ఆయన చేతుల్ని నేను అంతకుముందు చూడలేదు.

పైనున్నాయన పని ముగించి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాక మా ఆయన ఉండబట్టలేక అడిగాడు.

"మీరుండగా ఇంకొకర్ని పిలవడమేంటండీ? మీకు చేతకాదా ఇది? ఇంటివాళ్ళకి చెప్పలేదా మీరు మేస్త్రని?"

"చెప్పలేదు బాబూ."

"ఎందుకు?"

"చెబితే చెయ్యమంటారు కదా."

"చేస్తే ఏం? ఆ లోపల మీ గదికైనా నాలుగు తట్టల సిమెంటు కొట్టుకోవచ్చుగా. అక్క ఆ పొడి మింగుతోంది రోజూ."

 పైనున్నాయన వేసిన కొత్త గిలాబా తడి ఆరక నల్లగా మెరుస్తోంది. మేస్త్రి దాని వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"తాపీ పట్టుకుంటే చేతికి ముందుగా ఒక నమ్మకం ఉండాలి బాబూ. ఇది ఉంటుంది అని. నేను పోయినా ఉంటుంది అని. అది ఉంటేనే చెయ్యి తిరుగుతుంది" అన్నాడు. "ఒకసారి ప్రయత్నం చేశాను, ఈవిడ పోరు పడలేక. మాలు కలుపుకున్నాను. తాపీ ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. మాలు గట్టిపడిపోయింది. పారబోసేశాను."

 మా ఆయన చేతుల్లో బాగుపడని గడియారాలు కొన్ని ఉంటాయి. వాటిని తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో అప్పుడూ అలాగే ఉంది.

గదిలోంచి అక్క పిలిచింది. "రండి, అన్నం చల్లారిపోతోంది."

"మీరు వెళ్ళి కూర్చోండి" అన్నాడు మేస్త్రి. "ఇక్కడ చెత్త ఉంది, ఎత్తేసి వస్తాను. పైవాళ్ళు దిగే వేళయింది."

రాలిన పెచ్చుల్ని చీపురుతో ఒకచోటికి చేర్చి, గంపలోకి ఎత్తి, గంప భుజాన పెట్టుకుని, మేడ వెనక చెత్తకుప్ప వైపు వెళ్ళాడు.